ఆక్యుపేషనల్ థెరపీలో పీజీ చేయాలంటే: పూతరేకుల కుండ దగ్గర మొదలుపెట్టండి

మా వీధిలో నేనేం చదివానో ఇప్పటికీ ఎవరికీ అంతుబట్టలేదు. ‘ఆక్యుపేషనల్’ అన్న మాట విని ఉద్యోగాలు ఇప్పించే చదువనుకుని, ఒక పెద్దాయన వాళ్ళబ్బాయి బయోడేటా పట్టుకొచ్చాడు. మిగతావాళ్ళందరికీ నేను ఫిజియో డాక్టరమ్మని. మొదట్లో ఉక్రోషం వచ్చేది. నిజం చెప్పాలంటే, బీఓటీ, అంటే ఈ చదువులో డిగ్రీ, మూడో ఏడాది దాకా ఆ తేడా ఏమిటో ఎవరైనా అడిగితే నేనే నీళ్ళు నమిలేదాన్ని. జబ్బు వల్లో దెబ్బ వల్లో ఆగిపోయిన రోజువారీ పనులు మనిషి మళ్ళీ చేసుకునేలా చూడడమే ఆక్యుపేషనల్ థెరపీ, పొట్టిగా ఓటీ.

బీఓటీ ఆఖరి ఏడాదిలోనో ఇంటర్న్‌షిప్‌లోనో ఉండి, ఎంఓటీ, అంటే పీజీ, చేయాలా, ఉద్యోగంలో చేరిపోవాలా, బయటి దేశానికి వెళ్ళాలా అని టెన్షన్ పడుతున్న మన గోదావరి పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇంటర్ బైపీసీ చదివేవాళ్ళూ చదువుకోవచ్చు. కొన్ని మాటలు ఇప్పుడు అర్థం కాకపోయినా ఇబ్బందేమీ లేదు.

1. ఒక పనిని ముక్కలు చేయడం నేర్చుకోండి

దీనికే ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే మిగతా అన్ని మెట్లూ దీని మీదే నిలబడతాయి. యాక్టివిటీ అనాలిసిస్ అని మీ సిలబస్‌లో ఉంటుంది. పళ్ళు తోముకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తాం. మార్కులొచ్చాక మళ్ళీ దాని మొహం చూడం.

నా ఉద్యోగం మొదటి ఏడాదిలో ఆత్రేయపురం వైపు నుంచి యాభై దాటిన ఒకావిడ వచ్చింది. పక్షవాతం, ఎడమ చెయ్యి. నాలుగు నెలలు ఫిజియోథెరపీ బాగా చేయించుకుంది. భుజం లేస్తోంది, పిడికిలి ముడుచుకుంటోంది, నడుస్తోంది. పక్కనున్న భర్త అంతా విని, “ఆయ్, అంతా బానే ఉందండి. మరి రేకులెప్పుడు తీత్తాదండీ?” అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ పూతరేకులు తీసే మనిషి. నా ఫైలులో మాత్రం ఆ సంగతి ‘గృహిణి’ అని ఉంది. రాసింది నేనే.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు రేకులు తీస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచగా రుబ్బిన జయ బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు కొసలూ రెండు చేతులతో బిగువుగా పట్టి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ కుండ మీద ఆగిందా, రేకు మందమైపోతుంది. ఒక చెయ్యి ముందు, ఒకటి వెనక లాగిందా, చిరుగుతుంది. క్షణాల్లో రేకు అంచు తెల్లగా లేస్తుంది. దాన్ని వేలి కొసలతో అందుకుని ఒలిచేస్తుంది. ఒక చేత్తో ఆకులు ఎగదోస్తూ, పొగకి కళ్ళు చికిలిస్తూ, పక్కింటావిడతో మాట్లాడుతూ ఇదంతా చేస్తుంది.

ఇప్పుడు దాన్ని ముక్కలు చేయండి. నేల మీద మఠం వేసి గంటల తరబడి కూర్చోవాలి: తుంటి, మోకాళ్ళు, నడుం ఓర్పు. రెండు చేతులూ ఒకే వేగంతో కదలాలి. గుడ్డ జారకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగువు ఉండాలి, ఆ బిగువు గుడ్డ బరువుకి తగ్గట్టు మారాలి. పిండి ఎంత పలచగా ఉందో వేళ్ళకి తెలియాలి. మంట ఎక్కువైందని కంటికి తెలియాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, వేడి తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి రావాలి.

మా పేషెంటుకి పిడికిలి బాగానే ఉంది. తిరిగొచ్చి వేడినీళ్ళు ఒక పరీక్ష నాళికలో, చన్నీళ్ళు ఒకదానిలో పోసి, ఆవిణ్ణి కళ్ళు మూసుకోమని ఎడమ చేతికి తాకించాను. రెంటికీ తేడా చెప్పలేకపోయింది. అంటే ఆ చేతిని కుండ దగ్గరికి పంపితే కాలిన సంగతి ఆవిడకి వాసనొచ్చాకే తెలుస్తుంది. భుజం ఎంత లేచిందో కొలిచినవాళ్ళెవరం అది చూడలేదు.

అందుకని పనిని వెనక నుంచి మొదలుపెట్టాం. ముందు మడత. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, రేకు మడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊరికే అదిమి పట్టుకోవాలి. తర్వాత పిండి కలపడం. తర్వాత చల్లారిన కుండ మీద ఉత్త తడి గుడ్డ లాగడం. నేల మీద నుంచి ఎత్తు పీటకి మార్చాం. వేడి కుండ దగ్గరికి మాత్రం ఆవిడ మళ్ళీ వెళ్ళలేదు. ఆ పని కోడలిది అయింది, మడత ఆవిడది. ఇంట్లో మళ్ళీ పని పంచుకునే మనిషైంది.

మీరు చేయాల్సింది ఇది: వారానికి ఒక్క పని. నాట్లు వేయడం, లేసు అల్లడం, నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయ ఒలవడం, రొయ్యల చెరువులో మేత చల్లడం, బడి పిల్లాడు బెల్టు పెట్టుకోవడం, ఏదైనా సరే. పక్కన అరగంట కూర్చోండి. రెండు పేజీలు రాయండి: శరీరం ఏం చేస్తోంది, మనసు ఏం చేస్తోంది, చుట్టూ ఏముంది, ఎక్కడ తప్పితే పని చెడుతుంది. వీలైతే ఆ పని మీరూ చేయండి. నేను గుడ్డ లాగితే వచ్చింది రేకు కాదు, అట్టు. ఆరు నెలల్లో పాతిక పనులు చేరతాయి. మీ ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసిచ్చే కాగితం, ఇంటర్వ్యూ, డిసర్టేషన్ (పీజీలో చేసే పరిశోధన) అంశం, మీ మొదటి ఉద్యోగం, అన్నీ ఆ నోట్‌బుక్‌లోంచే వస్తాయి.

2. బయట కూర్చుని చూడండి

కాలేజీ పోస్టింగులు ఎలాగూ ఉంటాయి. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య, అదే డబ్ల్యూఎఫ్ఓటీ, కనీసం 1,000 గంటల ఫీల్డ్ ట్రెయినింగ్ ఉండాలంటుంది. ఆ గంటల లాగ్‌బుక్‌ని ఎవరి చేతో సంతకం పెట్టించుకునే కాగితంలా చూడకండి. తేదీ, విభాగం, మీరు స్వయంగా చేసిన పని, సూపర్‌వైజర్ పేరు ఎప్పటికప్పుడు రాసి, స్కాన్ చేసి పెట్టుకోండి. ఐదేళ్ళ తర్వాత ఏదో దేశపు కౌన్సిల్ ఆ గంటల లెక్క అడిగినప్పుడు, బదిలీ అయిపోయిన మేడం కోసం వెతుక్కోవడం నరకం.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మాత్రం మన దగ్గరివి చూడండి. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వస్తారు. హెడ్‌మాస్టారి దగ్గరో ఎంఈఓ ఆఫీసులోనో అనుమతి అడిగి రెండు వారాలు కూర్చోండి. కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో న్యూరో, ఆర్థో ఓపీల దగ్గర పొద్దున్నే వరండాలో గంట నిలబడితే, డెల్టాలో ఎవరి ఏ చెయ్యి ఎందుకు పాడవుతోందో తెలుస్తుంది. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు జరిగే రోజున వెళితే మరీ మంచిది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని పుస్తకంలో చదువుతాం. క్యాంపు క్యూలో ఆ జాబితా మనుషుల రూపంలో కనిపిస్తుంది.

ఫోటోలు తీయకండి. పేర్లు రాసుకోకండి. మన ఊళ్ళు చిన్నవి, ‘ఫలానా వీధి, ఎడమ చెయ్యి’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

3. విభాగం ఎంచుకోవడం

ఎంఓటీ రెండేళ్ళు. న్యూరాలజీ, ఆర్థోపెడిక్స్, పీడియాట్రిక్స్, మెంటల్ హెల్త్, చేతికి సంబంధించిన హ్యాండ్ రిహాబ్, కమ్యూనిటీ రిహాబ్ లాంటి విభాగాలు కాలేజీని బట్టి ఉంటాయి. ఇప్పుడు ఎక్కువమంది పీడియాట్రిక్స్ అంటారు. కారణం అందరికీ తెలిసిందే. రాజమండ్రిలో, భీమవరంలో ఎక్కడ చూసినా పిల్లల థెరపీ సెంటర్ బోర్డులు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎంత దూరమైనా వస్తారు, ఎంతైనా ఇస్తారు. ఉద్యోగం తొందరగా దొరుకుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ గదిలో ఉయ్యాల, బంతుల తొట్టి పెట్టి ‘సెన్సరీ’ అని పేరు పెడితే, కళ్ళూ చెవులూ చర్మమూ అందించే సమాచారాన్ని మెదడు సర్దుకునేలా చేసే సెన్సరీ ఇంటిగ్రేషన్ అయిపోదు. జీన్ ఎయర్స్ అనే అమెరికన్ ఓటీ ఆ సిద్ధాంతాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించి నిలబెట్టింది. అది నేర్చుకోవాలన్న ఓపిక ఉంటేనే ఆ వైపు వెళ్ళండి.

నా మట్టుకు నాకు, మన డెల్టాకి కావలసింది న్యూరో, హ్యాండ్. పక్షవాతాలు, కొబ్బరి చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులు, మోటారు బెల్టుల్లో చేతులు పడినవాళ్ళు, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లీ అల్లీ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకున్న ఆడవాళ్ళు. వీళ్ళకోసం ఎవరూ బోర్డు పెట్టలేదు.

హ్యాండ్ అనుకుంటే ఒక హెచ్చరిక. కాయ ఒలిచే ఒకాయనకి మణికట్టు స్ప్లింట్, అంటే మణికట్టుని కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ దొప్ప, చేసిచ్చాను. నా చేత్తో చేసిన మొదటి పది స్ప్లింట్లలో అది ఒకటి, అంచులు కూడా ముచ్చటగా మలిచాను. మే నెల. ఆయన దాన్ని విప్పి వ్యాను డ్యాష్‌బోర్డు మీద పెట్టి భోజనానికి వెళ్ళాడు. మర్నాడు నా టేబుల్ మీద పెట్టిన వస్తువు అప్పడంలా ఉంది. ఆ ప్లాస్టిక్కు 65, 70 డిగ్రీల వేడినీళ్ళలో మెత్తబడుతుందని నాకు తెలుసు, అలాగే కదా మలిచింది. అద్దాలు బిగించిన వ్యాను డ్యాష్‌బోర్డు మీద ఎండాకాలం దాదాపు ఆ వేడే ఉంటుందని ఆయనకి చెప్పాలని మాత్రం తోచలేదు. “మీదేం తప్పులేదులెండి, ఎండ అలా కాత్తంది” అని ఆయనే నన్ను ఓదార్చాడు. అప్పటి నుంచి స్ప్లింట్ ఇచ్చేటప్పుడు మూడు మాటలు తెలుగులో రాసిచ్చి, చదివించి పంపిస్తున్నాను: ఎండలో పెట్టొద్దు, వేడినీళ్ళలో కడగొద్దు, ఎర్ర మచ్చ అరగంటలో పోకపోతే తీసేసి ఫోన్ చేయండి.

4. కాలేజీ వెతుక్కోవడం

ఫిజియో కాలేజీలు మన చుట్టూ ఉన్నట్టు ఓటీ కాలేజీలు లేవు. బీఓటీకి ఎలాగైతే ఇల్లు వదిలారో ఎంఓటీకీ అంతే. రాజమండ్రిలో హౌరా వైపు రైలెక్కితే కటక్. దాని దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. ఇంకా పైకి వెళితే కోల్‌కతాలో లోకోమోటర్ డిజెబిలిటీస్ జాతీయ సంస్థ. ఈ రెండూ కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖవి. ఫీజులు ప్రైవేటు వాటితో పోలిస్తే చాలా తక్కువ, పేషెంట్లు ఎక్కువ, సీట్లు కొన్నే, ప్రవేశ పరీక్ష రాయాలి. చెన్నై వైపు వెళ్ళి కాట్పాడిలో దిగితే వేలూరు సీఎంసీ. మణిపాల్, చెన్నై ఎస్‌ఆర్‌ఎం ప్రైవేటులో తెలిసిన పేర్లు. ముంబయి కేఈఎం ఆసుపత్రి సంగతి వేరు. మన దేశంలో ఓటీ చదువు 1950లో మొదలైందే అక్కడ. కమలా నింబ్కర్ అనే ఆవిడ, పుట్టుకతో అమెరికన్, ఇక్కడికి కోడలిగా వచ్చి ఆ స్కూలు పెట్టింది. 1952లో అఖిల భారత సంఘం ఏఐఓటీఏ ఏర్పడింది, అదే ఏడు డబ్ల్యూఎఫ్ఓటీని స్థాపించిన పది దేశాల్లో మనమూ ఉన్నాం. ఇంటర్వ్యూలో ఇది అడుగుతారు, గుర్తుంచుకోండి.

సీటు ఒప్పుకునే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: కోర్సుకి ఏఐఓటీఏ గుర్తింపు, డబ్ల్యూఎఫ్ఓటీ ఆమోదం ఈ ఏటికి ఉన్నాయా? మీ విభాగంలో గైడ్ ఎవరు, ఆయన ఈ ఏడు ఎంతమందిని తీసుకుంటున్నారు? స్ప్లింట్ గదిలో మెటీరియల్ ఎవరు కొంటారు? చివరి ప్రశ్న చిన్నగా కనిపిస్తుంది గానీ, ఆ షీట్లు ఖరీదైనవి. విద్యార్థులు చందాలేసుకుని కొనే చోట హ్యాండ్ విభాగం తీసుకోవడం కష్టం.

ఇంకొకటి. 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. మన వృత్తి దాని కిందికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ బీఓటీ అంటే ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు అనుకునేవాళ్ళం. కాలవ్యవధి, ప్రవేశం, రిజిస్ట్రేషన్ అన్నీ ఇప్పుడు కొత్త పద్ధతిలోకి మారుతున్నాయి. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకుండా, ఆ కమిషన్ ఇచ్చే ప్రకటన, మీరు చేరబోయే యూనివర్సిటీ ప్రకటన, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

5. ప్రవేశ పరీక్షకి చదవడం

దీని మీద ఎక్కువ చెప్పను. నరాలు, వాటికి తగ్గ చెయ్యి, దానికి తగ్గ స్ప్లింట్: ఈ మూడూ కలిపి చదవండి. రేడియల్ నరం పోతే మణికట్టు వాలిపోతుంది, అల్నార్ పోతే చివరి రెండు వేళ్ళు డేగ గోళ్ళలా వంగుతాయి, మీడియన్ పోతే బొటనవేలు మిగతా వేళ్ళకి ఎదురు రాదు. వెన్నుపాము ఏ స్థాయిలో తెగితే ఏం మిగులుతుందో వేళ్ళ మీద చెప్పగలగాలి. సి6 (మెడ భాగంలో ఆరో స్థాయి) దాకా మిగిలినవాడు మణికట్టు వెనక్కి ఎత్తితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ టెనోడెసిస్ పట్టుతోనే గ్లాసు ఎత్తుతాడు. ఇది తెలియక అతని వేళ్ళని రోజూ పూర్తిగా సాగదీసి ఆ పట్టు పోగొట్టినవాళ్ళున్నారు. పిల్లల ఎదుగుదల మైలురాళ్ళు, థియరీల్లో మనిషి ఒక పనిని ఎందుకు, ఎలా చేస్తాడో వివరించే కీల్‌హాఫ్నర్ నమూనా, కాస్త బయోస్టాటిస్టిక్స్. మూడు నెలలు, రోజుకి మూడు గంటలు చాలు. పాత ప్రశ్నపత్రాలు సీనియర్ల దగ్గర దొరుకుతాయి.

6. ఎస్‌ఓపీ, ఇంటర్వ్యూ

నా మొదటి ఎస్‌ఓపీ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రాసింది. ‘చిన్నప్పటి నుంచీ సేవ చేయాలన్న తపన’తో మొదలై ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’తో ముగిసింది. ప్యానెల్‌లో ఒకాయన దాన్ని పక్కన పెట్టి, “మీ ఊళ్ళో జనం ఏం పని చేస్తారమ్మా?” అన్నాడు. వ్యవసాయమండీ అన్నాను. “ఏ పని?” నాట్లు, కోతలు అన్నాను. “నాటు వేసేటప్పుడు కుడిచెయ్యి ఏం చేస్తుంది, ఎడమచెయ్యి ఏం చేస్తుంది?” చుట్టూ వరిచేల మధ్య పెరిగిన నాకు సమాధానం రాలేదు. ఆ ఏడు సీటు రాలేదు.

మీ ఎస్‌ఓపీ మొదటి పేరాలో ఒక మనిషి, ఒక పని ఉండాలి. రెండో పేరాలో ఆ పని ఎక్కడ ఆగిపోయింది, మీరేం చేశారు, ఏం చేయలేకపోయారు. మూడోదాంట్లో ఆ చేయలేనిదాన్ని ఈ కాలేజీలో ఎవరి దగ్గర నేర్చుకోవాలనుకుంటున్నారు. పేజీ దాటకండి. రాశాక అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పి చూడండి. వాళ్ళకి అర్థమైతే ప్యానెల్‌కీ అర్థమవుతుంది.

7. ఆ రెండేళ్ళూ

డిసర్టేషన్ అంశం చేరిన మొదటి మూడు నెలల్లో తేల్చేసుకోండి. సినాప్సిస్, ఎథిక్స్ కమిటీ దాటడానికే సమయం పడుతుంది. మీది ఏదైనా చికిత్సని పరీక్షించే అధ్యయనం అయితే మొదటి పేషెంటుని చేర్చుకునే ముందే చికిత్సా పరీక్షల జాతీయ రిజిస్టరు సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి, తర్వాత చేస్తే కుదరదు. ఇక శాంపిల్. అరుదైన జబ్బు పెట్టుకుని, నెలకి ఇద్దరే పేషెంట్లు వచ్చే చోట అరవై మందిని చూపిస్తామని రాసినవాళ్ళు రెండో ఏడాది చివర ఏడుస్తారు. ఓపీ రిజిస్టరు తెచ్చుకుని, గత ఆరు నెలల్లో మీకు కావలసిన కేసులెన్ని వచ్చాయో చేత్తో లెక్కపెట్టండి. ఆ సంఖ్యలో సగమే మీకు దొరుకుతుందనుకోండి.

అంశం కోసం తడుముకుంటే, మనం వాడే కొలమానాలనే చూడండి. మనిషి రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో పది అంశాలు, మొత్తం 100 మార్కులు. అందులో స్నానం అంటే టబ్బో షవరో మనసులో పెట్టుకుని రాసింది. మన పెరట్లో స్నానం అంటే గొంతుక్కూర్చుని, బకెట్లోంచి చెంబుతో ముంచి, వీపు మీదికి పోసుకోవడం. భోజనం అంటే ఫోర్కు కాదు, పప్పన్నం కలిపి ముద్ద చేసి, ఒలకకుండా నోటి దాకా తేవడం. ముద్ద కలపడంలో ఐదు వేళ్ళూ పనిచేస్తాయి, అరచెయ్యి తిరగాలి, వేడి తెలియాలి. చెంచాతో తినగలిగితే ఇంగ్లిషు ఫారం ప్రకారం పూర్తి మార్కులు. నేను చూసిన ఒక ముసలాయన మాత్రం చెంచాతో తింటున్నందుకు పెళ్ళిభోజనాలకి వెళ్ళడం మానేశాడు. ఒక స్కేలుని తెలుగులోకి తేవడం మంచి డిసర్టేషన్. తయారుచేసినవాళ్ళ అనుమతి తీసుకుని, ఇద్దరు విడివిడిగా అనువదించి, తెలుగు మాత్రమే చూసిన మరొకరు తిరిగి ఇంగ్లిషులోకి మార్చి, తేడాలు సరిచూసి, పేషెంట్ల మీద పరీక్షించాలి. శ్రమే, కానీ మీ తర్వాతివాళ్ళు కూడా వాడుకుంటారు.

8. బయటి దేశం మాటకొస్తే

మన వైపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. అమెరికాలో ఓటీగా పనిచేయాలంటే ఎన్‌బీసీఓటీ పరీక్ష, ఆ తర్వాత రాష్ట్రం లైసెన్సు. అక్కడ వృత్తిలోకి అడుగుపెట్టే చదువే మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి. అందుకే మన బీఓటీ ఒక్కదానితో పని జరగదు. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషన్ లేకుండా ఆ హోదా వాడుకోవడమే నేరం. ఆస్ట్రేలియాలో చదువుల పరిశీలన, తర్వాత పర్యవేక్షణలో పని. గల్ఫ్‌లో ముందు డేటాఫ్లో, అంటే మీ సర్టిఫికెట్లు అసలువో కావో మూలం దగ్గరే అడిగి తేల్చుకోవడం.

ఇక్కడ నా స్నేహితురాలు పడిన దెబ్బ మీరు పడకండి. అమెరికా కోర్సుల్లో రెండు రకాలుంటాయి. ఎంట్రీ లెవెల్ అంటే కొత్తగా ఓటీ అయ్యేవాళ్ళకి, ఏసీఓటీఈ అనే సంస్థ గుర్తింపు ఉంటుంది, ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. పోస్ట్ ప్రొఫెషనల్ అంటే ఇప్పటికే ఓటీగా ఉన్నవాళ్ళు పైచదువు కోసం చేసేది. ఒక టౌన్లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు ‘రెండూ మాస్టర్సే కదండీ, ఇది చవక’ అని రెండోదానికి అప్లై చేయించారు. లైసెన్సు దారిలో అది ఎంతవరకు పనికొస్తుందో వాళ్ళూ చెప్పలేదు, ఈ పిల్లా అడగలేదు. డబ్బు కట్టాక తెలిసింది. కన్సల్టెన్సీ మెసేజ్ చదివి డబ్బు కట్టకండి. కోర్సు పేజీ తెరిచి ‘ఎంట్రీ లెవెల్’ అన్న మాట కళ్ళారా చూడండి, ఆ దేశపు లైసెన్సు సంస్థకి మీరే ఈమెయిల్ రాయండి.

9. మొదటి ఉద్యోగం, తర్వాత మీ సొంత పని

చేరేటప్పుడు ఆర్డర్లో మీ హోదా ఏం రాశారో చూడండి. ‘థెరపిస్ట్’ అని ఊరికే రాసినా, ‘ఫిజియో’ అని రాసినా ఒప్పుకోకండి, అనుభవం లెక్కలోకి రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి. నేను చేరిన ఒక సెంటర్లో ‘సేఫ్‌గా ఉంటాయమ్మా’ అని తీసుకున్నారు. మానేస్తానన్నప్పుడు అవి బయటికి రావడానికి నాలుగు నెలలు, మా మావయ్య మాట సాయం పట్టాయి.

సొంతంగా చేయాలనుకుంటే ముందు గది అద్దెకి తీసుకోవద్దు. రెండేళ్ళు ఇళ్ళకి వెళ్ళండి. ఓటీకి అసలు చోటు ఇల్లే. లంక గ్రామాల్లో అయితే వరదొస్తే మంచం మీది మనిషిని పడవలోకి ఎలా ఎక్కించాలో కూడా మీరే ఇంటివాళ్ళకి నేర్పాలి. ముందే, జూన్‌లోనే, ఇద్దరు మనుషులు దుప్పటి పట్టుకుని మోయడం చేయించి చూడాలి.

గడపల సంగతి వేరే చెప్పాలి. చక్రాల కుర్చీకి వాలు కావాలంటే లెక్క ఒకటికి పన్నెండు. గడప ఆరు అంగుళాల ఎత్తుంటే వాలు ఆరడుగుల పొడవు ఉండాలి. ‘గడప కొట్టించేయండి’ అని నేనొకసారి తేలిగ్గా అనేశాను. ఆ ఇంటి ముసలమ్మ నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టే గడప అది. తర్వాత వడ్రంగి చేత ఆరడుగుల చెక్క వాలు చేయించాం. లోపలి వైపుకి ఒక చిన్న చెక్క. అవసరమైనప్పుడు వేస్తారు, తర్వాత గోడకి ఆనిస్తారు. శుక్రవారం పొద్దున తీసేస్తారు. ముసలమ్మ ఇప్పుడు నాకు కాఫీ ఇస్తుంది.

మొదటి ఇంటికి వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకోవాల్సినవి: కొలత టేపు, గోనియోమీటర్ (కీలు ఎంత వంగిందో కొలిచేది), కత్తెర, వెల్‌క్రో చుట్ట, పాత సైకిల్ ట్యూబు ముక్క (చెంచా పిడికి చుడితే పట్టు దొరుకుతుంది), రెండు పరీక్ష నాళికలు, ఆ నోట్‌బుక్. వేడినీళ్ళు వాళ్ళింట్లోనే అడగండి.